అమీర్‌పేట లైనక్స్ బేసిక్స్ కోర్సు: క్లాసు బాగుంది, జిరాక్స్ నోట్స్ చించేయండి

విండోస్ తప్ప ఇంకేదీ ముట్టుకోని వాళ్లు లైనక్స్ నేర్చుకోవాలంటే ఇక్కడ చేరొచ్చు. చాలాచోట్ల ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) ఆన్ చేసి, పాస్‌వర్డ్ కొట్టించి, డెస్క్‌టాప్ వచ్చింది కదా పదండి అంటారు. ఇక్కడ సార్ లాగిన్ స్క్రీన్‌ని ముందే ఆపేసి మమ్మల్ని కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్ ముందు కూర్చోబెట్టారు, మామూలు యూజర్‌గా లాగిన్ అయ్యి స్టార్ట్‌ఎక్స్ అని కొట్టమన్నారు, అంతే.

స్టార్ట్‌ఎక్స్ ఓ చిన్న షెల్ స్క్రిప్టు, అంటే కమాండ్లు రాసిపెట్టిన ఫైలు. అది ఎక్స్‌ఇనిట్ అనే ప్రోగ్రాంని పిలుస్తుంది, ఎక్స్‌ఇనిట్ ఎక్స్ సర్వర్‌ని (స్క్రీన్ మీద విండోలు, బొమ్మలు చూపించేది) లేపి, మన హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ అనే ఫైలుంటే దాన్ని, లేకపోతే సిస్టమ్ ఇచ్చిన ఫైలుని నడుపుతుంది. ఆ ఫైలు పని అయిపోతే సెషన్ కూడా అయిపోయినట్టే. ఇది నోటితో ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు కాబట్టి, సార్ కావాలనే ఆఖరి లైన్లో స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 (ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌ని లేపే కమాండ్) పక్కన యాంపర్‌సాండ్ (&) పెట్టించారు. ఆ గుర్తుంటే కమాండ్ వెనకాల నడుస్తుంది, ఫైలు దానికోసం ఆగకుండా అయిపోతుంది. స్క్రీన్ ఇలా మెరిసి అలా ఆరిపోయింది, క్లాసంతా టెన్షన్! ఆ గుర్తు తీయించి ముందు ఎగ్జెక్ (ఫైలు స్థానంలో ఆ కమాండే నడవాలని చెప్పేది) అని పెట్టిస్తే ఎక్స్‌ఎఫ్‌సీఈ లోగో ఎలుక బొమ్మతో సహా డెస్క్‌టాప్ వచ్చి నిలబడింది. ఏదైనా తేడా కొడితే ఎక్స్‌ఓఆర్‌జీ లాగ్‌లో (ఎక్స్ సర్వర్ ఏం జరిగిందో రాసుకునే ఫైలు) (EE) అని ఉన్న లైన్లు, అంటే ఎర్రర్లు, వెతకమని కూడా చూపించారు, ఇంటికొచ్చాక నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఇక నోట్స్ సంగతి. జిరాక్స్ కాగితాల్లో సుడో స్టార్ట్‌ఎక్స్ అని ఉంది. సుడో అంటే ఆ కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడపడం. ల్యాబ్‌లో ఉన్నది జుబుంటు 18.04 (ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే ఉబుంటు), దాంట్లో సుడో వాడినా హోమ్ మనదే ఉంటుంది కాబట్టి అందులోని డాట్ ఎక్స్‌అథారిటీ ఫైలు (ఎక్స్ సర్వర్‌ని వాడుకోడానికి తాళంచెవి లాంటిది) రూట్ అనే అడ్మిన్ యూజర్ చేతికి పోతుంది. తర్వాత పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా లాగిన్ స్క్రీన్ తిరిగి మొదటికే వస్తుంది. నా పక్క సీటు అమ్మాయికి అదే జరిగితే ల్యాబ్ అసిస్టెంట్ గారు ఓఎస్ మళ్లీ వేయాలమ్మా అన్నారు! కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి, టెక్స్ట్ స్క్రీన్‌లో లాగిన్ అయ్యి, ఆ ఫైలు తీసేస్తే సరిపోయేదానికి.

ఎక్స్ సర్వర్ బదులు వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్ గురించి అడిగితే అది అడ్వాన్స్‌డ్ కోర్సులో అన్నారు. ఉబుంటులో 21.04 నుంచి డీఫాల్ట్ అదే కాబట్టి కనీసం ఒక గంటైనా చెప్పాల్సింది. ఫీజు పర్లేదు, ఏసీ ఉన్నట్టే ఉంటుంది. చేరితే పొద్దుటి బ్యాచ్‌లో చేరండి, సాయంత్రం బ్యాచ్ చెప్పేది ఆ అసిస్టెంటే.