ఆర్‌సీ కారుకి ఆయిల్ షాక్‌లు: రెండేళ్లు వాడాక నా అనుభవం

నాది రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ) కారు. అసలు కారులో పదో వంతు (1/10) సైజు టూరింగ్ కారు, అంటే చదునైన నేల మీద నడిపేది, షాఫ్ట్‌తో నాలుగు చక్రాలూ తిరిగే రకం. కిట్‌తో వచ్చిన షాక్‌లలో (గతుకుల ఊపును ఆపే షాక్ అబ్జార్బర్లలో) ఆయిల్ ఉండదు. స్ప్రింగు, కాస్త ప్లాస్టిక్ రాపిడి, అంతే. నేరుగా పోతున్నంతసేపు ఏ ఇబ్బందీ తెలియదు. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలితే మాత్రం కారు రెండు మూడుసార్లు ఊగేది. ఊగిన ప్రతిసారీ టైరు నేలను వదిలేది. నేలను వదిలిన టైరు ఎంత మంచిదైనా గ్రిప్ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అల్యూమినియం ఆయిల్ షాక్‌లు నాలుగు, మూడు రకాల గట్టిదనం ఉన్న స్ప్రింగులు కొన్నాను.

మొదటి రోజే తేడా కనిపించింది. గతుకు మీద కారు ఒక్కసారి కిందికి దిగి, పైకొచ్చి, అక్కడితో ఆగింది. కానీ కొత్త సమస్య ఒకటి మొదలైంది. కుడి మలుపులో వెనక జారేది, ఎడమ మలుపులో ముందు భాగం బయటికి తోసుకుపోయేది. టైర్ల తప్పేమో అనుకుని కొత్త జత వేశాను. ఏం మారలేదు. చివరికి కారును చదునైన గాజు పలక మీద పెట్టి, ముందు వైపు సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవర్ కొనతో మెల్లగా లేపాను. ఎడమ చక్రం ముందు లేచింది, కుడిది ఆ తర్వాత. తప్పు ముందు వైపు ఉందనిపిస్తుంది కానీ, అసలు చూడాల్సింది వెనక. వెనక ఎడమ షాక్ మీద స్ప్రింగును నొక్కే కాలర్ దాదాపు 1 మిల్లీమీటరు ఎక్కువ దిగి ఉంది. దాన్ని వెనక్కి తిప్పాక రెండు చక్రాలూ ఒకేసారి లేచాయి, కారు రెండు వైపులా ఒకేలా తిరిగింది. ఇప్పుడు షాక్‌లు విప్పి బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష చేసే బయటికి తీసుకెళ్తాను.

ఆయిల్ నింపడంలో తొందర పనికిరాదు. రాడ్ పూర్తిగా కిందికి లాగి అంచు దాకా ఆయిల్ పోయాలి. రాడ్ చివరనున్న పిస్టన్‌ను ఆయిల్ పైకి రానివ్వకుండా నెమ్మదిగా పైకీ కిందికీ కదపాలి. పిస్టన్ రంధ్రాల్లోంచి సన్నటి బుడగలు వస్తూనే ఉంటాయి. పది నిమిషాలు అలా వదిలేస్తే పైకి తేలి పోతాయి. తర్వాత రబ్బరు బ్లాడర్ (మూత కింద ఉండే పలచటి రబ్బరు టోపీ) పెట్టి మూత బిగిస్తే మిగిలిన ఆయిల్ అంచుల నుంచి కారిపోతుంది, కారనివ్వండి. చెవి దగ్గర పెట్టుకుని రాడ్ నొక్కి చూడండి. చుయ్యిమని చప్పుడు వస్తే లోపల గాలి ఉన్నట్టే, మళ్లీ మొదటి నుంచి చేయాలి. కుడి ఎడమ షాక్‌లను పక్కపక్కన పెట్టి ఒకేసారి నొక్కినప్పుడు రెండూ ఒకే వేగంతో దిగితేనే కారుకు బిగిస్తాను.

నాలుగింటిలోనూ 400 సీఎస్‌టీ (సెంటీస్టోక్స్, ఆయిల్ చిక్కదనం కొలత) ఆయిల్‌తో మొదలుపెట్టాను, తారు నేలకు ఇప్పటికీ అదే. చలి రోజుల్లో ఆయిల్ చిక్కబడి కారు బిగుసుకుపోయినట్టు ఉంటుంది, అప్పుడు 300కి దిగుతాను. ఆయిల్ కొనేటప్పుడు బాటిల్ మీద అంకె ఏ కొలతలో ఉందో చూడండి. కొన్నింటి మీద సీఎస్‌టీ ఉంటుంది, కొన్నింటి మీద వెయిట్ ఉంటుంది. 35 వెయిట్ అంటే సుమారు 425 సీఎస్‌టీ, 35 కాదు. వెయిట్ అంకె కంపెనీని బట్టి కొంచెం మారుతుంది కూడా, కాబట్టి సీఎస్‌టీ రాసినదే నమ్ముతాను.

స్ప్రింగుల సంగతి: ఏ వైపు మెత్తవి వేస్తే ఆ వైపు గ్రిప్ పెరుగుతుంది. తారు మీద ముందు మధ్యరకం, వెనక మెత్తవి నాకు కుదిరాయి. కార్పెట్ ట్రాక్ మీద ఇవే స్ప్రింగులతో కారు మలుపులో పక్కకి దొర్లిపోయింది. అక్కడ గ్రిప్ ఇప్పటికే ఎక్కువ, గట్టి స్ప్రింగులు కావాలి, కారును కిందికి దించాలి.

షాక్‌లు ఎంత మంచివైనా టైర్ల పని అవి చేయవు. గ్రిప్‌లో పెద్ద భాగం టైరు రబ్బరుదే. అరిగిన గట్టి టైర్లతో ఉన్నవాళ్లు ముందు వాటి మీద డబ్బు పెట్టండి. నా క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మొదట మైనస్ 2.5 డిగ్రీలు ఉండేది. నాలుగైదు బ్యాటరీ ప్యాక్‌లు అయ్యేలోపే టైరు లోపలి అంచు ఏటవాలుగా అరిగి, బయటి సగం కొత్తదానిలా ఉండిపోయింది. మైనస్ 1.5కి తెచ్చాక అరుగుదల సమంగా వచ్చింది, మలుపులో పట్టూ పెరిగింది. వెనక టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కోణం) 3 డిగ్రీలు, రైడ్ హైట్ (నేల నుంచి కారు అడుగు ఎత్తు) 5.5 మిల్లీమీటర్లు. వీటిని ముట్టుకోలేదు. ఒకసారికి ఒకటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మన్నిక విషయానికొస్తే, షాక్‌ల బాడీలు, మూతలు రెండేళ్లయినా చెక్కుచెదరలేదు. రాడ్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే ఓ-రింగులు (రబ్బరు రింగులు) మాత్రం దుమ్ముకి తొందరగా పాడవుతాయి, ఇప్పటికి మూడుసార్లు మార్చాను. రాడ్ చుట్టూ తడి మట్టి అంటుకుని కనిపిస్తే ఆయిల్ కారుతోందని అర్థం. గుద్దుకున్నప్పుడు ఒక రాడ్ వంగింది, విడిగా దొరికింది కాబట్టి బతికిపోయాను. స్పేర్ పార్టులు విడిగా దొరకని సెట్టు ఎంత తక్కువకు వచ్చినా కొనకండి. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సెట్టు కొంటాను. నిన్న చూస్తే వెనక కుడి షాక్ దగ్గర ఆ తడి మట్టి మళ్లీ మొదలైంది. ఈ ఆదివారం ఎడమదాన్ని కూడా కలిపి విప్పుతాను.