సర్పంచ్‌కి పార్టీ గుర్తు ఉంటే మేలా, లేకుంటే మేలా?

మన రెండు రాష్ట్రాల్లోనూ పల్లెటూళ్ల ఎన్నికలు రెండు రకాలు. సర్పంచ్, వార్డు సభ్యుల పోటీకి పార్టీ గుర్తులుండవు. మండల పరిషత్ సభ్యులైన ఎంపీటీసీలకు, జిల్లా పరిషత్ సభ్యులైన జెడ్పీటీసీలకు ఉంటాయి. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా రచ్చబండ దగ్గర ఎవరో ఒకరు అంటారు: “సర్పంచ్‌ని కూడా గుర్తు మీదే పెట్టేస్తే పోలా, ఈ దాగుడుమూతలెందుకు?” అందులో న్యాయం లేకపోలేదు. ఫలితాలొచ్చిన రాత్రే ప్రతి పార్టీ “మా మద్దతుదారులు ఇన్ని చోట్ల గెలిచారు” అని లెక్క చెబుతుంది. ఆ లెక్కలన్నీ కూడితే రాష్ట్రంలో ఉన్న పంచాయతీలకన్నా ఎక్కువే తేలేలా ఉంటాయి.

అయినా సర్పంచ్ దగ్గర నేను గుర్తు లేని పద్ధతివైపే.

ముందు బ్యాలెట్ సంగతి చూద్దాం. తెలంగాణలో అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పెట్టి, ఆ వరుసలోనే గుర్తులిస్తారు. మొదటి పేరుకి ఉంగరం, రెండో పేరుకి కత్తెర, అలా కిందికి. దాంతో ఒకే పార్టీ మనిషికి ఈ ఊళ్లో ఉంగరం వస్తే పక్క ఊళ్లో కత్తెర రావచ్చు. ఎమ్మెల్యే మండలమంతా తిరిగి “ఫలానా గుర్తుకే ఓటెయ్యండి” అనడానికి వీల్లేదు. ప్రతి ఊళ్లో ఆగి, మనిషి పేరు చెప్పి ఓటడగాలి. ఆ మనిషి సంగతి ఊరికి ఎమ్మెల్యే కన్నా బాగా తెలుసు.

అంతకన్నా పెద్ద తేడా బీ ఫారంది, అంటే ‘మా అభ్యర్థి ఫలానా’ అని పార్టీ రాసిచ్చే కాగితానిది. ఎంపీటీసీగా పార్టీ తరఫున నిలబడాలంటే ఆ కాగితం కావాలి, అది ఎవరికివ్వాలో తేల్చేది నియోజకవర్గంలో పెత్తనం ఉన్న నాయకుడు. సర్పంచ్‌కి ఆ బెడద లేదు. పార్టీ కాదన్నా నామినేషన్ వేసి, అదే పార్టీ బలపరిచిన మనిషిని ఓడించినవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ తేడా కళ్లకు కట్టింది. ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామని ప్రభుత్వం ఆశ చూపింది. అయినా 13 వేలకు పైగా సర్పంచ్ పదవుల్లో ఏకగ్రీవమైనవి రెండు వేల పైచిలుకే. ఏ నజరానా లేని ఎంపీటీసీల్లో మాత్రం 10,047 స్థానాలకు 2,371 పోటీ లేకుండానే పోయాయి, అంటే దాదాపు నాలుగింట ఒకటి. ఫిబ్రవరిలో పంచాయతీ పోలింగ్ 80 శాతం దాటితే, ఏప్రిల్ 8న పరిషత్ పోలింగ్ 61 శాతం దగ్గరే ఆగింది. దీన్నంతా గుర్తుల మీదకి నెట్టడం తప్పే. తెలుగుదేశం ఆ ఎన్నికల్ని బహిష్కరించింది, నామినేషన్లు ఏడాది కిందటివి, పైగా కరోనా. కానీ ప్రధాన పార్టీలన్నీ బరిలో ఉన్న 2019 తెలంగాణలోనూ వరుస అదే. జనవరిలో సర్పంచ్‌కి 85 శాతం పైన, మే నెలలో పరిషత్‌కి 77 దగ్గర. సర్పంచ్ ఓటుకి హైదరాబాద్ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు, అభ్యర్థే చార్జీలు పెట్టుకున్నా సరే. ఎంపీటీసీ ఓటుకి అంత హడావిడి ఉండదు.

గుర్తులు కావాలనేవాళ్లకి పెద్ద అండ పంచాయతీ వ్యవస్థపై కేంద్రం వేసిన అశోక్ మెహతా కమిటీ. పార్టీలు పంచాయతీల్లో బాహాటంగా పోటీ చేయాలని అది 1978లోనే సిఫార్సు చేసింది. ఆ ఏడాదే పశ్చిమ బెంగాల్ పార్టీ గుర్తులతో పంచాయతీ ఎన్నికలు పెట్టింది. పాత భూస్వాముల పట్టు సడలి చిన్న రైతులు, బడిపంతుళ్లు గెలిచారు, అది కాదనలేం. కానీ 2018కి వచ్చేసరికి అదే బెంగాల్‌లో మూడింట ఒక వంతు సీట్లకు పోటీయే లేకుండా పోయింది. గుర్తు ఊరి దాకా దిగితే అధికార పార్టీ కూడా ఊరి దాకా దిగుతుంది.

గుర్తు లేకపోవడంలో నాకు నిజంగా బాధ కలిగించేవి రెండు. ఒకటి ఖర్చు. పార్టీ బాహాటంగా నిలబెట్టదు కాబట్టి భారమంతా అభ్యర్థి నెత్తినే పడుతుంది, రిజర్వుడు స్థానాల్లో నిలబడే పేదవాళ్లకి అది పొలం తాకట్టు దాకా వెళుతుంది. రెండోది, గెలిచిన మర్నాడే కండువా మార్చడం. గుర్తు మీద గెలవలేదు కాబట్టి అడిగే చట్టం లేదు. అయితే అలా మార్చేవాళ్లను నేను మరీ తిట్టను. పనుల బిల్లులు పాస్ కావాలంటే అధికార పార్టీ గడప తొక్కక తప్పదని వాళ్లకు తెలుసు. నిధులు నేరుగా పంచాయతీ ఖాతాలో పడి అక్కడే ఖర్చుచేసే వీలుంటే సగం కండువాలు మారవు.

జెడ్పీటీసీకి మాత్రం పార్టీ గుర్తు ఉండాల్సిందే. మండలమంతా ఓటేసే పదవి అది, అభ్యర్థి ముఖం చాలామందికి తెలియదు. గుర్తు చూసి ఓటేయడంలో తప్పులేదు. ఎంపీటీసీ సంగతే ఎటూ కాకుండా ఉంది. ఒకటి రెండు ఊళ్ల ఓటుతో గెలిచి, ఎంపీపీని, అంటే మండల అధ్యక్షుణ్ణి, ఎన్నుకునే రోజు దాకా పార్టీ పెట్టిన క్యాంపులో గడిపి, పార్టీ ఇచ్చిన ఆదేశం (విప్) ప్రకారం చెయ్యెత్తి ఇంటికొచ్చేస్తే, ఆ తర్వాత ఐదేళ్లు చేతిలో నిధులూ ఉండవు, అధికారమూ ఉండదు. 1987లో ఎన్టీఆర్ హయాంలో మండల అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఆ పద్ధతి తిరిగి తెచ్చి, ఆ ఒక్క పదవికి పార్టీ గుర్తులు పెడితే క్యాంపుల ఖర్చయినా మిగులుతుంది.