ఇంట్లో చేసుకున్న రోలర్ స్టార్టర్: నాలుగేళ్లు వాడాక

నా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుని రేసు ట్రాక్ కోసం మార్చినప్పుడు ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపాం. కిక్ రాడ్‌కి చోటు లేక తీసేశాం. ఇక ప్రతిసారీ తోసి స్టార్ట్ చేయడమే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఎండపూట, రేసు సూట్ వేసుకుని మూడుసార్లు తోస్తే ప్రాక్టీసుకి ముందే సత్తువ అయిపోయేది. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్లు ఏరుకొచ్చి, తోయకుండా వెనక చక్రాన్ని తిప్పి బండి స్టార్ట్ చేసే ఈ రోలర్ స్టార్టర్‌ని చేయించుకున్నాను. అన్నీ కలిపి 11 వేలయింది.

వెనక చక్రాన్ని రెండు రోలర్ల మధ్య నిలబెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ పట్టుకుని బటన్ నొక్కాలి. మోటార్ రోలర్‌ని, రోలర్ చక్రాన్ని తిప్పుతాయి. చక్రం వేగం అందుకున్నాక క్లచ్ వదిలితే ఇంజిన్ అందుకుంటుంది. ఆ క్షణమే మళ్లీ క్లచ్ పట్టేయాలి. ఒకసారి నేను ఆలస్యం చేస్తే బండి ముందు రోలర్ ఎక్కి అవతలికి దూకింది. అప్పటి నుంచి ముందు ఎవరినీ నిలబడనివ్వను.

చూసినవాళ్లందరూ మోటార్ గురించే అడుగుతారు. అది డీజిల్ కారు పాత స్టార్టర్ మోటార్, 12 వోల్టుల బ్యాటరీ, అంతే. ఈ 98 సీసీ ఇంజిన్‌కి అది చాలు. అసలు పనంతా రోలర్లది. 4 అంగుళాల ఇనుప పైపుతో చేశాం. మొదట రెండింటి ఇరుసుల మధ్య 7 అంగుళాలే ఉంచితే టైరు సరిగా కూర్చునేది కాదు. 10కి పెంచాక కుదురుకుంది.

పైపు నున్నగా ఉంటే టైరు జారిపోతుంది, తెల్లవారుజామున మంచు తడి ఉంటే మరీను. పట్టు కోసం పైపు పొడవునా వెల్డింగ్ గీతలు వేయించాను. పట్టింది కానీ రెండు రోజుల్లో టైరు నడిమి భాగాన్ని ఆకురాయితో రాకినట్టు కొరికేసింది. గీతలన్నీ గ్రైండ్ చేయించి, లేత్ మీద నర్లింగ్ (పట్టు కోసం పైన అడ్డదిడ్డంగా వేసే సన్న గాడులు) కొట్టించాను. ఇప్పటికీ బొటనవేలితో రుద్దితే గరుకు తగులుతుంది. గాడుల్లో రబ్బరు పొడి నిండుతుంది, నెలకోసారి వైర్ బ్రష్‌తో గీకితే చాలు.

ఎక్కువ ఏడిపించింది బెండిక్స్, అంటే స్టార్టర్ మోటార్ పినియన్ (చిన్న పళ్ల చక్రం) వెనక ఉండే ఒకవైపు క్లచ్. మోటార్ పినియన్‌కి బైకు స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ల చక్రం) వెల్డ్ చేయిస్తే, ఆ వేడికి లోపలి గ్రీజు కరిగిపోయి బెండిక్స్ జారడం మొదలైంది. అది ఒకవైపే పట్టాలి. ఇంజిన్ అందుకున్నాక చక్రం మోటార్‌ని తిప్పకుండా కాపాడేది అదే. రెండోది తెచ్చి, తడిగుడ్డ చుట్టి, కొంచెం కొంచెంగా ఆగి ఆగి వెల్డ్ చేయించాం. చెక్కు చెదరలేదు.

వైర్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. సన్న వైరు చేయి పెట్టలేనంత వేడెక్కింది, వెల్డింగ్ కేబుల్ వేశాక ఆ బాధ లేదు. బటన్ పది సెకన్లకు మించి నొక్కను. నొక్కితే మోటార్ కాలిపోతుందని భయం. బ్యాటరీకి విడిగా కట్ స్విచ్ కూడా పెట్టించాను.

ఒకసారి స్నేహితుడి బుల్లెట్ 350ని దీని మీద పెట్టాం. రెండో గేరులో ఇంజిన్ కదలక టైరు జారింది, మూడోది వేస్తే అందుకుంది.

ఇక మిగిలింది బరువు. టాటా ఏస్‌లోకి ఎక్కించాలంటే ఇద్దరం కావాలి. వచ్చే సీజన్‌కి ఫ్రేమ్‌కి ఒకవైపు రెండు చిన్న చక్రాలు వేయిస్తున్నాను.