కింద గదికి బాత్రూం: నేల తవ్వాలా, పంపు పెట్టాలా?

నెల్లూరులో మా పాతిల్లు, రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇప్పుడు ముందు గది రోడ్డుకి రెండడుగులు లోతులో ఉండాది, నాయనమ్మ మేడెక్కలేదు కాబట్టి అక్కడే బాత్రూం కావాల్సొచ్చింది.

నేల తవ్వడమంటే కడప బండలు లేపి 4 అంగుళాల పైపు పెరట్లో సెప్టిక్ ట్యాంకు దాకా వెయ్యాల, వాటం 40 అడుగులకి 1 అడుగు. ట్యాంకులోకి పైపు దూరే చోటు గది నేలకన్నా కిందుంటేనే కుదిరేది, అందుకే పలుగు ముట్టక ముందే నీళ్ల ట్యూబుతో లెవెలు చూపించుకోండి. సున్నం గోడ పక్కనే మాత్రం తవ్వనియ్యొద్దు, పునాది వదులైపోద్ది.

పంపుకైతే తవ్వకం తక్కువే, మూలన గుంత, అందులో మోటారు, అది మురుగుని పైకి తోసేస్తది. కానీ నవంబరు వానల్లో కరెంటు పోతే? ఇన్వర్టరు లేదంటే ఇంటిల్లిపాదీ బిగబట్టుకోవాల్సిందే. గుడ్డపేలిక పడిందా, మోటారు పట్టేస్తది, దాన్ని తియ్యడం ఎవరి పని చెప్పండి.

దేనికైనా నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వూ, మురుగు వాసన పోయేదానికి డాబా పైదాకా గ్యాసు పైపూ తప్పవు.

నేను తవ్వడానికే మొగ్గా. 20 అడుగులకి 6 అంగుళాల వాటం కావాల్సుంటే మాకు 5 దొరికింది, మేస్త్రి కమోడు కింద దిమ్మె కట్టాడు. "మెట్లెక్కలేకనే గదరా ఇదంతా" అని నాయనమ్మ ఒకటే నవ్వు.