అమ్మతో కలిసి బొగ్గు బావిలోకి: దక్షిణ వేల్స్ గని ఊళ్లలో మా యాత్ర

పారిశ్రామిక విప్లవం తొలినాళ్లలో గని కార్మికుడి బతుకు ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే వేల్స్‌లో కార్డిఫ్‌కు ఉత్తరాన ఉన్న లోయల్లోకి వెళ్లాలి. మాది ఇల్లందు. నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లరుగా, అంటే బొగ్గు ఎత్తి బండ్లలో నింపే కార్మికుడిగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశారు. ఆయన ఇప్పుడు లేరు. అమ్మ మా దగ్గరికి ఇంగ్లండు వచ్చినప్పుడు లండన్ వింతలకంటే ముందు ఈ లోయలే చూపించాలనుకున్నాను. మేము చూసిన చోట్లలో ఏది ఎందుకు బాగుందో, ఎక్కడ ఇబ్బంది పడతారో, మా తర్వాత వెళ్లేవారి కోసం రాస్తున్నాను.

మొదట కార్డిఫ్ పడమటి శివార్లలోని సెయింట్ ఫేగన్స్ ఆరుబయటి మ్యూజియానికి వెళ్లాం. ప్రవేశం ఉచితం, ఊళ్లోంచి బస్సు ఉంది. వేల్స్ నలుమూలల నుంచి పాత కట్టడాలను రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. మాకు కావలసింది మెర్థిర్ టిడ్‌ఫిల్ నుంచి తెచ్చిన రిడ్-ఎ-కార్ ఇళ్ల వరుస. 18వ శతాబ్దం చివర్లో ఇనుప రాయి తవ్వే కార్మికుల కోసం కట్టించిన ఆరు ఇళ్లవి, ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఒక్కో ఇంటిని ఒక్కో కాలానికి తగ్గట్టు సర్దారు: 1805, 1855, 1895, 1925, 1955, 1985. మొదటి గడపలో అడుగుపెడితే దాదాపు ఖాళీ గది, ఒక పొయ్యి, నాలుగు మట్టి పాత్రలు. చివరి ఇంటికి వచ్చేసరికి మనం ఎరిగిన వంటగదే కనిపిస్తుంది. ఆరు గడపలు దాటేసరికి 180 ఏళ్లు నడిచినట్టే. పిల్లలకు చరిత్ర చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

అయితే ఇక్కడ ఒక లోటు ఉంది. చుట్టూ పచ్చిక, చెట్లు, ముందు తోటలు. ఆ ఇళ్లను కమ్మిన పొగ, మసి, కొలిమి హోరు ఏవీ వాటితో పాటు రాలేదు. ఇక్కడితో సరిపెట్టుకుంటే ఆనాటి బతుకు ముచ్చటైన పల్లె జీవితంలా తోస్తుంది. అందుకే ఇనుము, బొగ్గు మీద పుట్టిన బ్లైనావన్ ఊరికి వెళ్లి తీరాలి.

బ్లైనావన్‌కు రైలు లేదు. న్యూపోర్ట్ దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి బస్సులో పాంటీపూల్ మీదుగా కొండెక్కాం. గాలి విసురుకు నిలవడమే కష్టమైన ఆ బోడి కొండ మీద ఊరు ఎందుకు పుట్టిందన్నది అక్కడికి వెళ్తేనే అర్థమవుతుంది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ ఆ ఒక్క చోటే అందుబాటులో ఉన్నాయి. ముగ్గురు వ్యాపారులు భూమిని కౌలుకు తీసుకొని పెట్టిన ఇనుప కర్మాగారం 1789లో పని మొదలుపెట్టింది. మా ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో, సరిగ్గా నూరేళ్ల తర్వాత. బ్లైనావన్ ప్రాంతమంతటికీ 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

ఆ కర్మాగారం ఇప్పుడు శిథిలమే. కొండను తొలిచి నిలబెట్టిన కొలుములు, పక్కనే 1839 నాటి రాతి బురుజు ఉన్నాయి. తొట్టెలో నీళ్లు నింపి, ఆ బరువు కిందికి దిగుతుంటే రెండో వైపు బండ్లు పైకి లేచేలా చేసిన ఎత్తుడు యంత్రం అది. ఇవి గొప్పవే. నన్ను నిలబెట్టేసింది మాత్రం వాటి పక్కనే ఉన్న స్టాక్ స్క్వేర్ అనే చిన్న ఇళ్ల సముదాయం. కార్మికుల ఇళ్లు కొలుములకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. అది చాలదన్నట్టు 1860లో ఆ ఇళ్ల నడుమ ఖాళీలో 50 మీటర్ల పొగగొట్టం లేపారు. ఇప్పుడు దాని అడుగు భాగమే మిగిలింది. పిల్లలు ఆడుకోవలసిన చోటది. ఇళ్లలో కొన్నింటిని వేర్వేరు కాలాలకు తగ్గట్టు సర్దారు, కంపెనీ దుకాణాన్నీ చూపిస్తారు. జీతం చేతికి రాకముందే సరుకుల బాకీ కింద మళ్లీ యజమాని గల్లాకే చేరే ఏర్పాటు అది. 1831లో చట్టం తెచ్చి దాన్ని నిషేధించారు. ఈ చోటు ఏడాది పొడవునా రోజూ తెరిచి ఉండదు, ముఖ్యంగా చలికాలంలో. తెరిచే రోజులు చూసుకొనే బయలుదేరండి.

ఇక బ్లైనావన్‌లోనే ఉన్న బిగ్ పిట్. 1980లో మూతపడి 1983లో సందర్శకులకు తెరిచిన అసలు సిసలు బొగ్గు గని ఇది. మ్యూజియం ప్రవేశం ఉచితం. బావిలోకి దిగే సందర్శనకు, కారు నిలపడానికి ఉన్న రుసుములు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ముందే తెలుసుకోవాలి. ఎత్తు మీటరుకు తక్కువ ఉన్న పిల్లలను కిందికి రానివ్వరు. ఫోను, చేతి గడియారం, అగ్గిపెట్టె, బ్యాటరీ ఉన్న వస్తువు ఏదైనా పైనే అప్పగించాలి. ఇది మ్యూజియం పెట్టిన ముచ్చట కాదు, నిప్పురవ్వ ప్రమాదమని గని భద్రతా నియమమే అంత. తలకు హెల్మెట్, దానికి దీపం, నడుముకు బ్యాటరీ, ప్రాణరక్షక పరికరం తగిలించి, కేజ్ అనే ఇనుప లిఫ్టులో 90 మీటర్ల లోతుకు దించుతారు.

మన దేశంలో 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లు భూగర్భ గనుల్లో పనిచేయకూడదు. 2019లోనే ఆ నిబంధనను షరతులతో సడలించారు. నాన్న దిగిన బావి అమ్మ ఏనాడూ చూడలేదు. మస్టరు (హాజరు) పడే గేటు దాకానే ఆమెకు తెలుసు. ఇక్కడ నడుముకు బెల్టు బిగిస్తుంటే దాని బరువుకు ఒక్కసారి వంగి చూసుకుంది. దారి చూపేవాళ్లు గనుల్లో పనిచేసినవారే. నాన్న సంగతి చెప్పగానే మా గైడు సీము (బొగ్గు పొర) మందం ఎంత, తట్టతో మోశారా అని అడిగాడు. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ చేతులతోనే తట్టా, చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) చూపించింది. ఆయనకు వెంటనే అర్థమైంది.

ఒకచోట అందరినీ దీపాలు ఆర్పమన్నాడు. కళ్లు తెరిచినా మూసినా తేడా లేని చీకటి. గాలి ప్రసరణ తప్పకుండా ఉండేందుకు వేసిన తలుపుల దగ్గర, బండి వచ్చినప్పుడు తెరిచి మూయడానికి, ఐదారేళ్ల పిల్లలు ఆ చీకట్లోనే గంటల తరబడి కూర్చునేవారు. ఆడవాళ్లను, పదేళ్ల లోపు మగపిల్లలను భూగర్భంలో పనికి పెట్టకూడదని 1842లో చట్టం వచ్చేదాకా ఇదే తీరు. దీపాలు వెలిగాక అమ్మ నా చెయ్యి వదలకుండా, “మీ నాన్న ఒక్కనాడూ ఇంత చీకటని చెప్పలేదురా” అంది. ఆ తర్వాత గనిలో బండ్లు లాగిన గుర్రాలను కట్టేసిన శాలలు చూశాం. వాటి ముందు ఆగలేకపోయింది, పోదాం పద అంది.

పైన 1939లో కట్టిన స్నానశాల ఉంది. అది వచ్చేదాకా కార్మికులు మసితోనే ఇంటికి వెళ్లి పొయ్యి ముందు రేకు తొట్టిలో స్నానం చేసేవారు. నీళ్లు మోయడం, కాచడం, బట్టలు ఉతకడం అంతా ఇల్లాలిదే. “రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి కాగు సిద్ధంగా ఉండాలి” అని అమ్మ తన సంగతే చెప్పుకొచ్చింది. బావిలోని కష్టాన్ని ఎంతో చక్కగా చూపించిన చోట, ఈ ఇంటి చాకిరీకి ఇంకా ఎక్కువ చోటిచ్చి ఉండవలసింది.

మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. కింద నేల ఎగుడుదిగుడు, నీళ్లు కారుతుంటాయి, కొన్ని చోట్ల వంగి నడవాలి. చక్రాల కుర్చీవారు ముందుగా చెబితే ఏర్పాటు చేస్తారు. అదీ కుదరకపోతే ట్రెహావడ్‌లోని రోండా వారసత్వ కేంద్రం నయం. కార్డిఫ్ నుంచి నేరుగా రైలుంది, అక్కడా పాత గని కార్మికులే చూపిస్తారు. అయితే అక్కడి ‘భూగర్భం’ పైన కట్టి చూపించిందే కాబట్టి బిగ్ పిట్‌కు సాటిరాదు.

బస విషయానికి వస్తే బ్లైనావన్‌లో గదులు తక్కువ. మేము దిగిన చిన్న వసతి గృహం శుభ్రంగా ఉంది, నడిపే ఆవిడ మర్యాద బాగుంది, కానీ శాకాహారమంటే కాల్చిన బంగాళదుంప, బీన్సు దాటి లేదు. ముందుగా మాట్లాడుకున్న టాక్సీ వర్షం పడగానే రానంది. రెండో రాత్రి అబర్గవెన్నీకి మారాం. రైలు స్టేషను, తినడానికి నాలుగు చోట్లు, కొండ చూపు అన్నీ ఉన్నాయి. కారు ఉంటే అక్కడే దిగడం మేలు. బస్సు మీద ఆధారపడేవారు న్యూపోర్ట్ లేదా కార్డిఫ్‌లో ఉండి, పొద్దున్నే బయలుదేరడం మంచిది.

ఒక్క రోజే ఉంటే సెయింట్ ఫేగన్స్ వదిలేయండి. ఉదయం కర్మాగారం, స్టాక్ స్క్వేర్ చూసి, ఆ ఇళ్లలోని మనుషులు ఎక్కడికి పనికి వెళ్లేవారో తెలిశాక బావిలోకి దిగండి. వేసవిలోనైనా కింద చలి ఉంటుంది, స్వెట్టరు మరవకండి. బురదకు తట్టుకునే బూట్లు వేసుకోండి. చీర కట్టుకునే పెద్దవాళ్లకు ఆ పూటకు సల్వారు నయం, కేజ్‌లోకి ఎక్కడం, వంగి నడవడం తేలికవుతాయి.