టూడీ కోరిలేషన్‌లో నాయిస్: స్మూతింగా, పీసీఏనా?

టూడీ కోరిలేషన్ అంటే, శాంపిల్‌ను వేడిచేయడం లాంటి మార్పుకు గురిచేస్తూ వరసగా తీసిన స్పెక్ట్రాల్లో ఏ బ్యాండ్లు కలిసి మారాయో, ఏవి ముందూవెనకగా మారాయో మ్యాపులుగా గీయడం. కలిసి మారినవి సింక్రనస్ మ్యాప్‌లో, ముందూవెనకగా మారినవి అసింక్రనస్ మ్యాప్‌లో కనబడతాయి. ఆ అసింక్రనస్ మ్యాప్ నిండా పొక్కులు లేచినట్టు చిన్న చిన్న పీకులు కనబడగానే అందరూ అడిగేది ఒకటే: "స్పెక్ట్రాలను స్మూత్ చేసేయనా, పీసీఏ వాడనా?" పీసీఏ అంటే స్పెక్ట్రాల్లోని మార్పులను కొన్ని కాంపొనెంట్లుగా విడదీసి, ముఖ్యమైనవి ఉంచుకుని మిగతాది నాయిస్‌గా తీసేసే పద్ధతి. పోయిన నెల నాకూ ఇది తేల్చుకోక తప్పలేదు. ఒక ప్రోటీన్‌ను వేడిచేస్తూ తీసిన 11 ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రాలు, అందులో అమైడ్-1 ప్రాంతం (ప్రోటీన్ మడతల తీరు తెలిపే 1600–1700 సెం.మీ⁻¹ భాగం).

ఒక్కో స్పెక్ట్రమ్‌కు సగటు తీసే స్కాన్లు పెంచే వీలుంటే ఈ గొడవే లేదు. కాకపోతే నాయిస్ సగం కావాలంటే స్కాన్లు నాలుగింతలు కావాలి. 64 కాస్తా 256 అయ్యేదాకా శాంపిల్ ఆగాలి కదా! నాది ఆగలేదు, తీస్తుండగానే గడ్డకట్టడం మొదలైంది.

స్మూతింగ్ అందరికీ అలవాటైనదే. కానీ స్పెక్ట్రాలన్నిటికీ ఒకే సవిట్స్కీ–గోలే ఫిల్టర్ (పక్కపక్క పాయింట్లను కలిపి నున్నగా చేసేది) వేయడమంటే, తయారైన మ్యాప్‌నే రెండు అక్షాల వెంబడీ మసక చేయడం. లెక్క ఒకటే. దూరదూరంగా ఉన్న బ్యాండ్లకు పెద్ద నష్టం లేదు. పక్కపక్కన ఒకటి ప్లస్ పీక్, ఒకటి మైనస్ పీక్ ఉంటే మాత్రం రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. కలిసిపోయిన బ్యాండ్లను విడదీద్దామనే కదా ఈ మ్యాప్ వేసుకున్నది!

నా ఓటు పీసీఏకే. అయితే ఎన్ని కాంపొనెంట్లు ఉంచాలన్న దగ్గరే అంతా ఉంది. ఒక్కటే ఉంచితే తరంగసంఖ్యలన్నీ ఒకే తీరున మారినట్టు లెక్క, కాబట్టి అసింక్రనస్ పూర్తిగా సున్నా అవుతుంది. సింక్రనస్ మాత్రం ముచ్చటగా వస్తుంది, అది చూసి మోసపోతాం. ఏది ముందు, ఏది వెనక అన్న సంగతి బయటపడాలంటే రెండో కాంపొనెంటు ఉండాల్సిందే. అందుకే 99 శాతం వేరియన్స్ (మొత్తం మార్పులో వాటా) వచ్చిందని ఆపేయడం నాకు నచ్చదు. మనకు కావలసింది ఆ మిగిలిన ఒక్క శాతంలోనే ఉండొచ్చు.

నేను లోడింగులను, అంటే ఒక్కో కాంపొనెంటు స్పెక్ట్రమ్ ఆకారాన్ని, కళ్లతో చూస్తాను. మొదటి రెండూ నున్నటి బ్యాండ్లు. మూడోదాంట్లో గజిబిజి ఉన్నా 1620 దగ్గర బ్యాండు ఆకారం స్పష్టంగా ఉంది. నాలుగోది సన్నటి ముళ్లు, అంటే నీటి ఆవిరి. ఐదు నుంచి ఉత్త నాయిస్. మూడే ఉంచాను. రెండింటితో ఆపి చూస్తే అసింక్రనస్ మ్యాప్‌లో 1650–1620 క్రాస్ పీక్ (ఆ రెండు బ్యాండ్లు కలిసే చోటి పీక్) ప్లస్–మైనస్ గుర్తు తిరగబడింది. నోడా నియమం (రెండు మ్యాపుల్లోని గుర్తులను బట్టి ఏది ముందో చెప్పేది) ప్రకారం ఏది ముందు మారిందన్న జవాబే తారుమారన్నమాట. శుభ్రం చేయని మ్యాప్‌లో ఆ పీక్ గుర్తు మూడు కాంపొనెంట్లతో వచ్చినదానితోనే సరిపోయింది.

నీటి ఆవిరి ఇలా విడిగా దొరకడం నా అదృష్టం. ఒక్కోసారి అది రెండోదాంట్లోనే కలిసిపోతుంది. అప్పుడు పరికరంలోని ఆవిరి పోయేలా పొడిగాలితో పర్జ్ చేసి మళ్లీ తీసుకోవడమే. బేస్‌లైన్ జారుడునైతే పీసీఏ అసలు మార్పే అనుకుని భద్రంగా దాచిపెడుతుంది.

వేవ్‌లెట్ కూడా ఉంది: స్పెక్ట్రమ్‌ను చిన్న చిన్న అలలుగా విడదీసి, ఒక హద్దు (థ్రెషోల్డ్) కన్నా చిన్నవాటిని తీసేసే పద్ధతి. థ్రెషోల్డ్ దెబ్బ ఒక్కో స్పెక్ట్రమ్ మీద ఒక్కోలా పడితే లేని తేడాలు పుట్టొచ్చు. ఫోరియర్ ఫిల్టర్ స్మూతింగ్‌కు తోడబుట్టిందే.

పీసీఏ చేశాక, తీసేసిన భాగాన్ని కూడా గీసి చూడండి. అందులో బ్యాండు ఆకారం కనబడితే ఎక్కువ కోసేసినట్టు. నా దాంట్లో నూగు, ఆవిరి ముళ్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు.