జంగ్‌హీయా, మున్‌జంగా: తెర వెనక ఎవరి పాలన మేలు?

కొరియన్ చారిత్రక సీరియళ్లు చూసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. జోసన్ రాజ్యంలో చిన్నపిల్లాడు రాజైతే, దర్బారులో తెర దించుకుని దాని వెనక నుంచి రాజమాత ఏలేది. 1801లో క్రైస్తవుల మీద విరుచుకుపడిన జంగ్‌సున్, పుట్టింటివాళ్ల చేతికి రాజ్యం అప్పగించిన సున్‌వోన్ కూడా అలా ఏలినవాళ్లే గానీ, పోటీ వాళ్లతో కాదు. 1469 నుంచి 1476 దాకా మనవడి తరఫున ఏలిన జంగ్‌హీకి, 1545 నుంచి 1553 దాకా కొడుకు తరఫున ఏలిన మున్‌జంగ్‌కీ మధ్యే. ఇద్దరూ పాప్యంగ్ యున్ వంశపు ఆడపడుచులే.

జంగ్‌హీ దేవతేమీ కాదు. 1453లో తిరుగుబాటుకు వెనకాడుతున్న భర్తకు కవచం తెచ్చి తొడిగింది ఆవిడే అంటారు. కొడుకు యెజోంగ్ పోయిన రోజే, పెద్ద మనవణ్ణి పక్కన పెట్టి చిన్నవాణ్ణి గద్దెనెక్కించింది. ఆ పిల్లాడి మామగారు హన్ మ్యంగ్‌హ్వే, ఆనాటి మంత్రుల్లో అందరికన్నా బలమైనవాడు. లెక్క అర్థమైంది కదా.

అయినా నేను చూసేది ఒక్కటే: తనను తప్పుపడుతూ పేరులేని రాత కనబడితే ఏం చేసింది? ఇద్దరికీ ఆ రోజు వచ్చింది. జంగ్‌హీ మీద వచ్చినప్పుడు, పాలన మనవడికి అప్పగిస్తున్నానని ఆవిడ కొరియన్ లిపిలోనే రాసిచ్చింది. చైనా అక్షరాలు ఆవిడకు రావు, ఆ మాట తానే చెప్పుకుంది. ఉండిపొమ్మని హన్ మ్యంగ్‌హ్వే బతిమాలినా వినలేదు.

మున్‌జంగ్ సంగతి వేరు. 1547లో యాంగ్‌జే అనే మజిలీ గోడ మీద ఎర్ర అక్షరాలు కనబడ్డాయి: పైన ఆడది అధికారం చలాయిస్తోంది, కింద దుష్టమంత్రులు ఆడుతున్నారు, ఇక రాజ్యం కూలడమే తరువాయి అని. ఆ వంకతో కొందరి ప్రాణాలు పోయాయి, ఇంకెందరినో మారుమూలలకు వెళ్లగొట్టారు. అంతకు రెండేళ్ల ముందే తమ్ముడు యున్ వోన్‌హ్యంగ్‌తో కలిసి ప్రత్యర్థి వర్గాన్ని తుడిచిపెట్టింది. 1553లో తెర తీసేసినా పెత్తనం వదల్లేదు.

ఒక్క విషయంలో మాత్రం మున్‌జంగ్ పక్కకు మొగ్గుతాను. అణగదొక్కిన బౌద్ధాన్ని 1550లో మళ్లీ నిలబెట్టి, భిక్షువులకు పరీక్షలు పెట్టించింది. 1552లో నెగ్గిన హ్యూజంగే, 1592లో జపాన్ దండెత్తినప్పుడు డెబ్బై దాటిన వయసులో సన్యాసుల సైన్యాన్ని కూడగట్టాడు. ఆవిడ చరిత్ర రాసింది బౌద్ధమంటే గిట్టని కన్ఫ్యూషియన్ పండితులని కూడా గుర్తుంచుకోవాలి. నా ఓటు జంగ్‌హీకే, కానీ ఏకగ్రీవం కాదు.

భర్త పక్కనే ఉండాలని మున్‌జంగ్ ఆయన సమాధిని 1562లో బొంగున్‌సా గుడి దగ్గరికి మార్పించింది. అది వరద నీళ్లొచ్చే పల్లం. అందుకే చివరికి ఆవిణ్ణి దూరంగా తేరుంగ్ అనే సమాధిలో ఒంటరిగా పెట్టారు. జంగ్‌హీ, భర్త మాత్రం గ్వాంగ్‌నుంగ్ అడవిలో పక్కపక్క గుట్టల మీద ఉన్నారు.